చీమకుర్తి క్వారీ డంపు మీద సుబాబులా, మన చెట్లా?

రామతీర్థం_రోడ్డు: మా ఊరి పక్క గెలాక్సీ గ్రానైట్ క్వారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. గుంటలో నీళ్లు, పక్కన కొండంత రాళ్ల డంపు మిగిలాయి. ఈ వానలకి డంపు మీద మొక్కలు పెట్టాలని అనుకుంటున్నాం. ఊళ్లో సగం మంది సుబాబుల్, జామాయిల్ అంటున్నారు. మిగతావాళ్లు వేప, రేగు, ఊడుగు లాంటి ఇక్కడి చెట్లే పెట్టాలంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

గుండ్లకమ్మ_రైతు: సుబాబుల్ పెట్టండి. రాళ్లలో కూడా వేరు దించుతుంది, మూడు నాలుగేళ్లకి కొట్టి అమ్ముకోవచ్చు. ఊడుగు చెట్టు ఎవరు కొంటారు?

బలుసాకు: అన్నా, సుబాబుల్ బతుకుతుంది, కాదనను. కానీ అది మెక్సికో వైపు నుంచి వచ్చిన చెట్టు. కాయ పగిలి గింజలు రాలితే కింద ఇంకో మొక్కకి చోటుండదు. సర్కారు తుమ్మ వచ్చి మన చెరువులు ఏమయ్యాయో చూశాం కదా.

డంపు మీద మట్టి పెద్దగా లేదు కాబట్టి ముందు కావాల్సింది పొద, చెట్టు తర్వాత. మా ఇంటి దగ్గర పాత డంపు ఒకటి ఎక్కి చూశాను. మట్టి లారీలు గుమ్మరించిన వైపు తంగేడు దానంతట అదే లేచింది. మేకలు దాన్ని ముట్టవు. ఒక తంగేడు మొదట్లో రాలిన ఆకు తీసి చూస్తే, కింద రెండు వేళ్ల మందాన నల్లటి మట్టి. అందులో జానెడు వేప మొక్క, పక్కనే రేగు. పిట్టలు వేసిన గింజలే. ఎవరూ నీళ్లు పోయలేదు.

తంగేడు గింజకి పెంకు గట్టిది. వేడి నీళ్లలో నానబెట్టి, అక్టోబరు వానల ముందు మట్టి ఉన్న చోటల్లా తంగేడు చల్లండి. రెండు మూడేళ్లకి దాని నీడన వేప, ఊడుగు, బలుసు పెట్టుకోవచ్చు.

కనిగిరి_పంతులు: అన్నీ చెప్పారు, చింత ఏదమ్మా?

బలుసాకు: చింత ఆఫ్రికా నుంచి వచ్చింది మాస్టారూ.

కనిగిరి_పంతులు: తాతల నాటి నుంచి చింతకాయ పచ్చడి తింటున్నాం. చింత మనది కాదా? ముందు దీనికి జవాబు చెప్పండి.

బలుసాకు: పెట్టొద్దనలేదు. డంపు దిగువన మట్టి లోతున్న చోట పెట్టుకోండి.

కనిగిరి_పంతులు: నేనడిగింది మనదా కాదా అని.

ఒంగోలు_గిత్త: మాస్టారూ, చింత సంగతి తర్వాత చూద్దాం.

గుండ్లకమ్మ_రైతు: మీ చింతా వద్దు, తంగేడూ వద్దు. అలాంటి డంపు కిందే మా నాన్న పొలం ఉంది. 2 ఎకరాల 40 సెంట్లు. కౌలు ఇస్తామని చెప్పి రాళ్లు పోశారు. రెండేళ్లు ఇచ్చారు. క్వారీ ఆగింది, డబ్బూ ఆగింది, రాళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి. నాన్న పోయేదాకా సాయంత్రం పూట ఆ గట్టు మీద కూర్చుని వాటినే చూసేవాడు. ఇప్పుడు పిట్టల కోసం అక్కడ అడవి పెంచమంటారా? మీకేం పోయింది?

బలుసాకు: నాకేం పోయిందా? మా అన్న పదకొండేళ్లు క్వారీలో డ్రిల్లింగ్ చేశాడు. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆ నేల మళ్లీ ఎవరో ఒకరు నరికి అమ్ముకునే సరుకు కాకూడదు. సుబాబుల్ ధర పడిపోయినప్పుడు మన రైతులు ఎంత ఏడ్చారో మీకే బాగా తెలుసు.

మేకలమంద: మీరిద్దరూ ఏం పెట్టినా కంచె వేస్తారు. క్వారీ రాకముందు మా ఊరి దగ్గరది మేత పోరంబోకు. మా నాయన నలభై మేకలు తోలేవాడు. క్వారీ వచ్చి రానివ్వలేదు. ఇప్పుడు మొక్కలొచ్చి రానివ్వవు. మమ్మల్ని అడిగిందెవరు?

ఒంగోలు_గిత్త: ఆయన అడిగింది న్యాయం. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు, కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో చెప్పింది ఇదే. తవ్వకం అయ్యాక ఆ నేలలో మళ్లీ గడ్డి పెంచి, మేతకీ మొక్కలకీ జీవాలకీ పనికొచ్చేలా చేయాలని లీజులోనే షరతు పెట్టమంది. ఖర్చు ఊరిదే ఎందుకవ్వాలి? 2015 గనుల చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది కదా. గనుల వల్ల నష్టపోయినవాళ్ల కోసమే అది. అర్జీ పెట్టండి.

గుండ్లకమ్మ_రైతు: అర్జీలు చాలా పెట్టాను. నా పొలం నాకొస్తే దాంట్లో ఏం పెట్టాలో నేను చూసుకుంటాను. పోరంబోకులో మీ ఇష్టం, తంగేడే చల్లుకోండి.

బలుసాకు: అన్నా, పట్టా భూమి సంగతి వేరు, అక్కడ మీ మాటే. రెండూ కలిపి మాట్లాడటం నా తప్పు. మేకలమంద బాబాయ్, కంచె గురించి నేను ఆలోచించలేదు. తంగేడుకి కంచె అక్కర్లేదు. వేప, ఊడుగు మొక్కల చుట్టూ రేగుకంప కడితే చాలు. మీరు మంద ఏ దారిన తోలుతారు?

మేకలమంద: రామతీర్థం రోడ్డు తమ్ముడు చెప్పే గుంట నాకు తెలుసమ్మా. ఉత్తరం వైపు లారీల బాట వదిలేయండి. నీళ్లకి అటే దిగుతాయి. మిగతా మూడు వైపులా నిలువు గోడే, జారితే మేకపిల్లైనా మనిషైనా అంతే. ఆ మూడు వైపుల అంచున కంచె వేస్తే మాత్రం నేనే వచ్చి కంప కొట్టి ఇస్తాను.