నాన్నగారి రిపోర్టులన్నీ బాగున్నాయి, మనిషి మాత్రం బాగాలేరు: మానసిక వైద్యుడి దగ్గరికి ఎలా తీసుకెళ్లాలి?

కొవ్వూరు ఆడపడుచు:
మా నాన్నగారు ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి నిరుడు రిటైరయ్యారు. కొన్ని నెలలుగా ఛాతీలో బరువుగా ఉందని, కడుపులో తిప్పుతోందని, ఒళ్లంతా పీకుతోందని అంటుంటే ఈసీజీ, ఎకో, ఎండోస్కోపీ చేయించాము. అన్నీ నార్మల్ అని చెప్పి, గ్యాస్ మాత్రలు, బలానికి టానిక్కు రాసి పంపించారు. రాత్రి తొందరగానే పడుకున్నా మూడింటికల్లా మెలకువ వచ్చేస్తుంది. వరండాలో కుర్చీ వేసుకుని చీకట్లో కూర్చుంటారు. పేపరు చేతిలో లేనిదే కాఫీ తాగని మనిషి, ఇప్పుడు దాని మడత కూడా విప్పడం లేదు. మొన్న అమ్మ గడ్డం గీసుకోమని గుర్తుచేస్తే, "ఎవరికోసం?" అన్నారు.

మా మేనత్త దిష్టి తగిలిందని తాయెత్తు కట్టిస్తానంటోంది. బాబాయి రిటైరైన వాళ్లందరికీ ఇది మామూలేనంటున్నారు. నేను మానసిక వైద్యుడి మాట ఎత్తితే, "నాకేమైనా పిచ్చా? ఎర్రగడ్డకు పంపిస్తావా?" అని లేచి వెళ్లిపోయారు. ఇది డిప్రెషనేనా, అయితే ఆయన మనసు నొప్పించకుండా వైద్యం దాకా ఎలా తీసుకెళ్లాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

ఓరుగల్లు నర్సు:
అమ్మా, ఇది ఫలానా జబ్బని ఇక్కడినుంచి నిర్ధారించి చెప్పడం ఎవరికీ తగదు. అయినా మీరు రాసిన వాటిలో డాక్టరు తప్పక వినవలసినవి చాలా ఉన్నాయి. తెల్లవారకముందే మెలకువ రావడం, ఇష్టమైన వాటిమీద ఆసక్తి పోవడం, తనను తాను పట్టించుకోకపోవడం రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు కొనసాగుతూ ఉంటే దానిని వయసు మీదకో రిటైర్మెంటు మీదకో నెట్టివేయకూడదు. మన పెద్దవాళ్లలో చాలామంది "దిగులుగా ఉంది" అని నోరు తెరిచి చెప్పరు. గుండె దడ, తలబరువు, అరగడం లేదు, నీరసం అంటారు. ఆ నొప్పులు కల్పించుకున్నవి కావు, నిజంగా బాధిస్తాయి, కాబట్టి "రిపోర్టుల్లో ఏమీ లేదు కదా, నీకేం కాలేదు" అని మాత్రం ఆయనతో ఎవరినీ అననివ్వకండి.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ సర్వేలో, చికిత్స అందనివారు జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా ఉన్నారని తేలింది. మా ఓపీ వరుసలో నిలబడేవారి చేతుల్లోని గ్యాస్ మాత్రల చీటీలను చూస్తుంటే ఆ అంకె నాకు ఆశ్చర్యం కలిగించదు.

థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువగా ఉన్నా, విటమిన్ బీ12 లోపించినా ఇలాంటి లక్షణాలే కనిపించవచ్చు కనుక ముందుగా ఆ పరీక్షలు చేయించండి. బీపీకో మరొకదానికో వాడుతున్న మందుల చీటీలు కూడా వెంట తీసుకెళ్లండి. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం తెలుగులోనూ ఉంది. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఉత్సాహం ఎలా ఉన్నాయో అడుగుతుంది. జబ్బును తేల్చేది డాక్టరే అయినా, మాటలు కూడగట్టుకోలేని మనిషికి ఆ పత్రం ఆసరాగా ఉంటుంది.

కృష్ణాతీరం:
మా అమ్మ విషయంలో కూడా "నాకు పిచ్చా?" అన్న మాట దగ్గరే బండి ఆగిపోయింది. ఆమె మా మాట వినలేదు గానీ, ఇరవై ఏళ్లుగా బీపీ చూస్తున్న మా వీధి డాక్టరుగారి మాట విన్నది. మేము ముందురోజు సాయంత్రం ఆయనను ఒంటరిగా కలిసి సంగతంతా చెప్పాము. మరునాడు ఆయన అమ్మ చేయి పట్టుకుని నాడి చూస్తూ, "నిద్ర పట్టకపోతే బీపీ కూడా అదుపులో ఉండదమ్మా, నిద్ర సంగతి బాగా తెలిసిన డాక్టరుకు చీటీ రాస్తాను, ఆయన మానసిక వైద్యుడు, ఒకసారి చూపించుకుని రండి" అన్నారు. ఎవరి దగ్గరికి పంపుతున్నారో దాచలేదు, అబద్ధం చెప్పలేదు. ఏదో సాకు చెప్పి తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టిన వాళ్లను నేను చూశాను, రెండోసారి ఆ మనిషి గడప దాటరు.

హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రుల పేర్లు మన ఇళ్లలో తిట్లుగా వాడీ వాడీ ఎంతమందిని వైద్యానికి దూరం చేశాయో! నిజానికి అక్కడ రోజూ ఎందరికో మంచి వైద్యం అందుతోంది. ఆ పేరే మీ నాన్నగారికి అడ్డమైతే కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్) లాంటి బోధనాసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగం ఉంటుంది. కళ్లకు, ఎముకలకు వచ్చినవారితో కలిసి అదే గేటులోంచి వెళ్లవచ్చు.

మీ మేనత్తగారితో తాయెత్తు గురించి తగవు పెట్టుకోకండి. కట్టనివ్వండి, అదే వారంలో డాక్టరుకు కూడా చూపిద్దామని ఆమె చేతే నాన్నగారికి చెప్పించండి. మందులు మానాలన్న షరతు ఎవరైనా పెడితే మాత్రం ఒప్పుకోవద్దు.

రెండో షిఫ్టు:
మీరు ఆఖరున రాసిన "ఎవరికోసం?" అన్న మాట మీద నా మనసు నిలిచిపోయింది. దయచేసి దానిని తేలిగ్గా తీసుకోకండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని, "నాన్నా, బతకాలని అనిపించడం లేదా? చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని మనవాళ్లు భయపడతారు. అలా జరగదు; ఎవరో ఒకరు అడిగారన్న ఊరటతోనే చాలామంది చెప్పుకుంటారు. అవునంటే ఆయనను ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందులు, ఎక్కువ మాత్రలు ఉంటే అక్కడినుంచి తీయించి వేయండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

14416 టెలిమానస్ నంబరు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఈ సేవ ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. బాధపడుతున్నవారే చేయాలని లేదు, మీరు కూడా చేయవచ్చు. రాత్రి డ్యూటీలో ఉండగా మా తమ్ముడి కోసం నేను చేసినప్పుడు, అవతల ఉన్న అమ్మాయి తొందరపెట్టకుండా విని, వాడు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాడు, తిన్నాడా, తాగి ఉన్నాడా అని ఒక్కొక్కటిగా అడిగింది. నాకు కాళ్లూ చేతులూ ఆడని ఆ సమయంలో ఆ ప్రశ్నలే దారి చూపించాయి.

మందులు వాడుతున్నవాడిని:
మొదటి రోజుల గురించి ఎవరూ ముందుగా చెప్పరు కనుక నేను రాస్తున్నాను. డిప్రెషన్ మందులు వేసుకున్న మరునాడే గుణం కనిపించదు; రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. కానీ వికారం, తలనొప్పి, కాస్త ఆందోళన మాత్రం మొదటి వారంలోనే రావచ్చు. అంటే మేలు కనబడకముందే ఇబ్బంది కనబడుతుంది, సరిగ్గా అక్కడే చాలామంది మానేస్తారు. ఇబ్బంది ఎక్కువైతే డాక్టరుకు ఫోను చేయండి, ఆందోళన బాగా పెరిగినా, చావు ఆలోచనలు వచ్చినా వెంటనే చేయండి. మోతాదు తగ్గిస్తారు లేదా మందు మారుస్తారు. ఇవి అలవాటై వదలవన్న భయం ఈ రకం మందుల విషయంలో నిజం కాదు. అలవాటయ్యేవి కొన్ని రకాల నిద్రమాత్రలు, వాటిని చెప్పిన రోజులకు మించి, మందుల షాపులో పాత చీటీ చూపించి కొనుక్కుని వాడకూడదు. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు మందులు కొనసాగించమంటారు, మానేటప్పుడు డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించాలి.

మాటలతో చేసే చికిత్స కావాలనుకుంటే క్లినికల్ సైకాలజిస్టును వెతకండి. వారికి భారత పునరావాస మండలిలో రిజిస్ట్రేషన్ ఉండాలి, మందులు రాయరు. బోర్డు మీద కౌన్సెలర్ అని రాసుకున్న ప్రతివారికీ ఆ శిక్షణ ఉండదు, అడిగి తెలుసుకోవడంలో మొహమాటం వద్దు.

పాలసీ పత్రం:
ఖర్చు గురించి ఒక మాట. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం, శరీర జబ్బులకు ఇచ్చినట్లే మానసిక జబ్బులకూ ఆరోగ్య బీమా ఇవ్వాలి. అయితే మన పాలసీల్లో ఎక్కువ భాగం ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తాయి, ఓపీ ఫీజులు రావు. అదే చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని కూడా చెబుతోంది. ఊళ్లో తెలిసిపోతుందని నాన్నగారు వెనకాడుతుంటే ఈ సంగతి ఆయనకు చెప్పండి.

కొవ్వూరు ఆడపడుచు:
అందరికీ నమస్కారం, మూడు వారాల తర్వాత రాస్తున్నాను. సూటిగా అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "చావాలని లేదమ్మా, కానీ పొద్దున లేవాలనీ లేదు" అన్నారు. మా బీపీ డాక్టరుగారి చేత చెప్పించి కాకినాడ తీసుకెళ్లాము. అక్కడి డాక్టరు ఛాతీ బరువు గురించే ముందు అడిగి, ఆ తర్వాత డ్యూటీల గురించి, ఏ రూటులో నడిపేవారని అడిగితే, నాన్నగారు చాలాకాలం తర్వాత గుక్క తిప్పుకోకుండా మాట్లాడారు. థైరాయిడ్ మామూలుగానే ఉంది. డిప్రెషనేనని చెప్పి మందు మొదలుపెట్టారు. మొదటి వారం వికారంతో మానేస్తానన్నారు, ఇక్కడ చదివింది గుర్తుండబట్టి ఫోను చేశాము, అన్నం తిన్నాక వేసుకోమన్నారు. నిద్ర కొద్దిగా మెరుగైంది, మిగతావి ఇంకా అలాగే ఉన్నాయి. ఇప్పుడు అమ్మ సంగతి నన్ను కలవరపెడుతోంది. ఆయనకు తోడుగా ఆమె కూడా మూడింటికే లేచి కూర్చుంటోంది, బయటికి వెళ్లడం మానేసింది.

ఓరుగల్లు నర్సు:
తరువాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అమ్మగారిని కూడా లోపలికి తీసుకెళ్లి, ఆమె నిద్ర గురించి ఆ డాక్టరుకే చెప్పండి. రాత్రి కాపలా అవసరమా కాదా అన్నది ఆయననే అడగండి. అవసరం లేదంటే అమ్మగారు వేరే గదిలో పడుకోవచ్చు. వారానికి ఒకటి రెండు పూటలు మీ మేనత్తగారినో బాబాయిగారినో నాన్నగారి దగ్గర ఉండమనండి, ఆ సమయంలో ఆమె గుడికో, చెల్లెలింటికో వెళ్లి రావాలి. దిష్టి అన్న మేనత్తగారికి ఈ పని అప్పగిస్తే సంతోషంగా చేస్తారని నా నమ్మకం.