దక్షిణాది ఓడాక విముక్తులకు భూమి పంచి ఉంటే అమెరికా కథ మారేదా?

నల్లరేగడి:
నిన్న వేరే చర్చలో ఒకాయన "లింకన్ బానిసల్ని విడిపించాడు, ఆ తర్వాత నిలదొక్కుకోలేకపోవడం వాళ్ల తప్పు" అని రాసి వెళ్లిపోయారు. అందుకే ఈ చర్చ పెడుతున్నా. తెలియనివాళ్లకు ఒక్క మాట: బానిసత్వం నిలుపుకోవాలని దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు 1861-65 అంతర్యుద్ధంలో ఉత్తరాది చేతిలో ఓడిపోయాయి. 1865 జనవరి 12న జార్జియాలోని సవానాలో ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ ఇరవై మంది నల్లజాతి మతపెద్దలను కూర్చోబెట్టి మీకేం కావాలని అడిగాడు. వాళ్ల తరఫున గారిసన్ ఫ్రేజియర్ అడిగింది భూమి. నాలుగు రోజులకే ఉత్తర్వు వచ్చింది. చార్లెస్టన్ నుంచి ఫ్లోరిడాలోని సెయింట్ జాన్స్ నది దాకా, తీరం వెంబడి, కుటుంబానికి 40 ఎకరాలకు మించకుండా ఇవ్వాలి. దాదాపు 40 వేల మంది అక్కడ స్థిరపడి సాగు మొదలుపెట్టారు. లింకన్‌ను చంపాక గద్దెనెక్కిన ఆండ్రూ జాన్సన్ అదే ఏడాది పాత యజమానులకు క్షమాభిక్ష పెట్టి, ఆ భూములు వాళ్లకే తిప్పి ఇప్పించాడు. పునర్నిర్మాణం, అంటే యుద్ధం తర్వాత దక్షిణాదిని మళ్లీ దేశంలో కలిపి విముక్తులకు హక్కులు కల్పించే ప్రయత్నం, విఫలమైంది 1877లో సైన్యం అండ పోయినప్పుడు కాదు, అప్పుడే. పొద్దున ఓటేసి సాయంత్రం ఆ దొర దగ్గరికే అప్పుకు వెళ్లేవాడి ఓటు ఎన్నాళ్లు నిలుస్తుంది?

డాలస్_బాబాయ్:
40 ఎకరాలతో పాటు కంచరగాడిద కూడా ఇచ్చారంటారు. నిజమేనా?

పాతప్లీడరు:
ఉత్తర్వులో గాడిద ఊసే లేదు. సైన్యం దగ్గరున్నవి కొన్ని తర్వాత ఇచ్చారు. అది వదిలేయండి. రేగడి గారు దాటేసిన విషయం ఒకటుంది. షెర్మన్ ఇచ్చింది స్వాధీన హక్కు మాత్రమే, టైటిల్ (పూర్తి యాజమాన్యం) కాదు. కాంగ్రెస్ తేల్చేదాకా అని ఆ ఉత్తర్వులోనే ఉంది. పైగా అమెరికా రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం రాజద్రోహానికి శిక్షగా ఆస్తి తీసుకున్నా అది దోషి బతికున్నంత కాలమే చెల్లుతుంది, వారసుల హక్కు పోదు. 1862లో తిరుగుబాటుదారుల ఆస్తుల జప్తు చట్టం వచ్చినప్పుడు లింకనే దీని మీద పట్టుబట్టి వివరణ తీర్మానం చేయించాడు. జాన్సన్ జాత్యహంకారే, కాదనను. కానీ ఆ భూమి శాశ్వతంగా ఇచ్చే దారి చట్టంలో లేదు.

నల్లరేగడి:
దారి లేదా? రాబర్ట్ స్మాల్స్ పేరు విన్నారా సార్? 1862 మేలో చార్లెస్టన్ రేవులో తిరుగుబాటుదారుల ఓడను కుటుంబంతో సహా కోటల కళ్లుగప్పి తీసుకెళ్లి ఉత్తరాది నౌకాదళానికి అప్పగించిన బానిస ఆయన. పన్ను కట్టలేదని దక్షిణ కరోలినాలోని బ్యూఫోర్ట్‌లో వేలం వేసిన ఆస్తుల్లో, తాను బానిసగా పుట్టిన చోట ఉన్న పెద్దింటినే కొన్నాడు. ఆ ఇంటి పాత యజమాని దావా వేస్తే 1878లో సుప్రీంకోర్టు స్మాల్స్ వైపే తీర్పిచ్చింది. ఆ పక్కనే సెయింట్ హెలీనా దీవిలో ఇలాగే కొన్నవాళ్ల భూములు తరతరాలు నిలిచాయి. చేయాలనుకుంటే దారి దొరికింది.

పాతప్లీడరు:
పన్ను వేలం వేరు, జప్తు వేరు. మీరు చెప్పింది నా మాటకే సాక్ష్యం. పద్ధతి ప్రకారం వెళ్లిన చోట నిలిచింది.

గోదారిగట్టు:
నాలుగేళ్లు ఒకళ్లనొకళ్లు చంపుకున్నారు. దేశం మళ్లీ అతకాలంటే ఓడినవాణ్ణి ఎక్కడో ఒక చోట క్షమించాలి కదా. పొలాలు లాక్కుంటే ఇంకో యుద్ధం వచ్చేది.

నల్లరేగడి:
క్షమిస్తే ఏం జరిగిందో చూడండి. 1865 చివరికే మిసిసిపీ రాష్ట్రం "బ్లాక్ కోడ్" పేరుతో నల్లవాళ్లను కట్టడి చేసే చట్టాలు తెచ్చింది. పట్టణాల బయట నల్లవాళ్లు పొలం కౌలుకు తీసుకోకూడదు. పని ఒప్పందం చూపించకపోతే పనీపాటా లేని దేశదిమ్మరి కింద పట్టుకుని జరిమానా, అది కట్టలేకపోతే కట్టినవాడికి చాకిరీ. తిరుగుబాటు ప్రభుత్వానికి ఉపాధ్యక్షుడిగా చేసిన అలెగ్జాండర్ స్టీఫెన్స్‌ను జార్జియా 1866 మొదట్లో నేరుగా సెనేట్‌కే ఎన్నుకుంది. అతికింది తెల్లవాళ్లు తెల్లవాళ్లతో.

అట్లాంటా_అక్క:
మీరిద్దరూ పొలం గట్టు మీద కొట్టుకుంటున్నారు, తుపాకులు మర్చిపోయారు. 1873 ఏప్రిల్ 13, ఈస్టర్ ఆదివారం, లూసియానాలోని కోల్‌ఫాక్స్. కోర్టు భవనాన్ని కాపాడుతున్న నల్లవాళ్లను పదుల సంఖ్యలో, లొంగిపోయినవాళ్లతో సహా, తెల్లవాళ్ల సాయుధ మూక చంపింది. శిక్ష పడిన కొద్దిమందినీ 1876లో సుప్రీంకోర్టు వదిలేసింది. విముక్తులకు పౌరసత్వం, సమాన రక్షణ ఇచ్చిన రాజ్యాంగ 14వ సవరణ ప్రభుత్వాల్ని కట్టడి చేస్తుంది గానీ వ్యక్తుల్ని కాదట! పట్టా ఉంటే మాత్రం ఆ రోజు ఎవరు ఆపేవాళ్లు? కానీ అంతకు ముందు 1871లో అధ్యక్షుడు గ్రాంట్ దక్షిణ కరోలినాలోని తొమ్మిది కౌంటీల్లో హెబియస్ కార్పస్ (అరెస్టును కోర్టులో సవాలు చేసే హక్కు) నిలిపేసి, సైన్యాన్ని దింపి వందలమందిని పట్టుకుంటే, నల్లవాళ్ల మీద దాడులు చేసే రహస్య ముఠా కు క్లక్స్ క్లాన్ అక్కడ చితికిపోయింది. బలం వాడిన చోట పని జరిగింది. 1877లో, ఎన్నిక ఫలితం వివాదంలో పడితే, రిపబ్లికన్లు తమ అభ్యర్థి హేస్‌ను అధ్యక్షుణ్ణి చేసుకోవడానికి ఆ బలాన్నే వదులుకున్నారు. ఫలితం? లూసియానాలో 1896లో లక్షా 30 వేలకు పైగా ఉన్న నల్లజాతి ఓటర్లు 1904కి 1,342 మంది అయ్యారు.

కొత్తసభ్యుడు:
ఇదంతా మనకెందుకండీ? తెలుగు ఫోరం కదా ఇది.

అట్లాంటా_అక్క:
తమ్ముడూ, హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఇక్కడ పుట్టిన పిల్లలు పుట్టుకతో పౌరులవుతున్నది 1868 నాటి ఆ 14వ సవరణ వల్లే. విముక్తుల కోసం రాసుకున్నది మనకు పనికొచ్చింది. 2025 జనవరిలో దాన్ని ఆపే ఉత్తర్వు రాగానే మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత టెన్షనో చూశావుగా. అందుకు.

పాతప్లీడరు:
అక్క గారితో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ "పొలాలు లాక్కుని పంచేస్తే న్యాయం జరిగినట్టే" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 1973 సీలింగ్ చట్టం కింద మా నాన్న పొలం పోయింది. ఆయన ఎవర్నీ బానిసగా పెట్టలేదు. పేదవాడికైనా చేరిందా అంటే అదీ లేదు, ఇప్పుడక్కడ ప్లాట్ల వెంచరు ఉంది.

నల్లరేగడి:
ఇప్పటికి బయటపడ్డారు! పొద్దున్నుంచీ 3వ అధికరణం అంటున్నది ఇందుకన్నమాట. మా తాతకు అసైన్డ్ పట్టా కాగితం ఇచ్చారు. పొలం మాత్రం చచ్చేదాకా చూపించలేదు. షెర్మన్ ఉత్తర్వు కింద భూమి దొరికిన ఎడిస్టో దీవికి, విముక్తుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ అధిపతి జనరల్ హోవార్డ్ వచ్చి "ఇది మీది కాదు, ఖాళీ చేయండి" అన్నప్పుడు అక్కడి విముక్తులకెలా ఉండి ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పాతప్లీడరు:
మాటలు జాగ్రత్త. మీ తాత సంగతికీ మా నాన్నకూ సంబంధం ఏంటి?

గోదారిగట్టు:
ఇద్దరూ కాస్త నీళ్లు తాగి రండి.

అట్లాంటా_అక్క:
ప్లీడరు గారూ, ఒక్క ప్రశ్న. 1862లో వాషింగ్టన్ నగరంలో విముక్తి వచ్చినప్పుడు, ప్రభుత్వానికి విధేయులైన యజమానులకు తలకు 300 డాలర్ల దాకా లెక్కన పరిహారం ఇచ్చారు. విడుదలైనవాళ్ల చాకిరీకి పైసా లేదు. ఆరేళ్లకు 14వ సవరణ 4వ సెక్షన్ ఏమంది? బానిసలు పోయారన్న పరిహారపు దావాలేవీ చెల్లవంది. అంటే దొర ఆస్తుల్లో అన్నిటికంటే ఖరీదైనదాన్ని ఉచితంగా రద్దు చేశారు. అప్పుడు కూలని ఆస్తిహక్కు పొలం దగ్గరే ఎందుకు కూలుతుంది?

పాతప్లీడరు:
ఎందుకంటే మనిషి ఎప్పుడూ ఆస్తి కాదు. అందుకే పరిహారం లేదు. పొలం ఆస్తే. కాంగ్రెస్ డబ్బు కట్టి కొని పంచి ఉంటే నాకు అభ్యంతరం లేదు, ముందు నుంచీ అదే అంటున్నా. రేపు కోర్టు పనుంది, సాయంత్రం వివరంగా రాస్తాను.

నల్లరేగడి:
రాయండి. తిరుగుబాటు చేసినవాడికి డబ్బు కట్టి మరీ కొనాలన్నారు కదా, ఆ దొర అసలు ఆ పొలం ఎవరి చాకిరీతో కొన్నాడో కూడా అందులోనే రాయండి.