డీసీఎస్ అనే యుద్ధ విమానాల సిమ్యులేటర్ గేమ్‌లో మిమ్మల్ని ఏడిపించిన మిషన్ ఏది?

ప్రశ్న: డీసీఎస్ వరల్డ్‌లో ఎఫ్-18కి గాల్లో ఫ్యూయల్ నింపడం ఎవరికైనా వచ్చిందా, వారం నుంచి ట్రై చేస్తున్నా, ప్రోబ్ (మన విమానం గొట్టం) ట్యాంకర్ విమానం పైపు చివరి బాస్కెట్‌కి తగిలే టైంకి విమానం ఉయ్యాల ఊగుద్ది, ఇక మిషన్ గోవిందా.

రిప్లై: బాస్కెట్‌ని చూడకు బాసూ. ట్యాంకర్‌నే చూస్తూ ఫార్మేషన్ పట్టు. ఇంజిన్ లేటుగా రెస్పాండ్ అవుద్ది కదా, కంగారుపడి థ్రాటిల్ ఇంకా తోశావనుకో వెళ్లి గుద్దేస్తావ్.

రిప్లై: నాకైతే రాత్రిపూట క్యారియర్ (విమానాలు దిగే యుద్ధనౌక) ల్యాండింగే. యాంగిల్ ఆఫ్ అటాక్ (ఎదురుగాలికి రెక్క చేసే కోణం) 8.1 డిగ్రీల దగ్గర నిలిచేలా ట్రిమ్ చెయ్, డెక్ తాకగానే ఫుల్ థ్రాటిల్ కొట్టు, డెక్ మీద విమానాన్ని ఆపే వైర్లకి హుక్ తగలకపోతే మళ్లీ లేవాలిగా. మొదటిసారి 3వ వైర్ దొరికినప్పుడు అర్ధరాత్రి అరిచా, అమ్మ లేచి తిట్టింది.

రిప్లై: గేమ్‌తో ఫ్రీగా వచ్చే ఎస్‌యూ-25టీ విమానంలో లేజర్ మిస్సైల్ తగిలేదాకా లేజర్ పట్టుకునే ఉండాలి, ఈలోపు షిల్కా (విమానాల్ని కాల్చే గన్ బండి) మనల్నే కూల్చేస్తది 😭