లోన్ కాగితంలో "3% పీనల్ ఛార్జీ": దేని మీద? నెలకా, ఏడాదికా?

మియాపూర్ మధు
మా తమ్ముడికి కారు లోన్ మంజూరైంది. 6 లక్షలు, ఐదేళ్లు, వాయిదా 12,600. సంతకాలకు ముందు కాగితాలన్నీ నేనే చదువుతున్నాను. ఒక లైన్ దగ్గర ఆగిపోయాను: "వాయిదా చెల్లింపు ఆలస్యమైన పక్షంలో 3% పీనల్ ఛార్జీలు వర్తిస్తాయి." అంతే, ముందూ వెనకా ఇంకేమీ లేదు.

ఆలస్యమైన వాయిదా మీద నెలకు 3% అనుకుంటే 378 రూపాయలు. ఏడాదికి 3% అనుకుంటే నెలకు 32 రూపాయలు కూడా పడదు. మిగిలిన అప్పు మొత్తం మీద అంటే మాత్రం ఏకంగా 18,000. బ్రాంచిలో అడిగితే "టైమ్‌కి కట్టేస్తే ఆ గొడవే ఉండదు కదా సార్" అన్నారు. నేనడిగింది అది కాదు కదా. మీలో ఎవరికైనా ఇలాంటి లైన్లు తగిలాయా? ఎలా తేల్చుకున్నారు?

పాత లెడ్జర్, నల్లకుంట
మధు గారూ, సంతకం పెట్టకముందే అడుగుతున్నారు, మంచి పని. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి చెబుతున్నాను: కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే లోన్ ముఖ్య వివరాలన్నీ ఒకచోట ఉండే కాగితం, ఇవ్వమనండి. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరైన రిటైల్ లోన్లకు అది ఇచ్చి తీరాలని ఆర్‌బీఐ నిబంధన. అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది రేటు, అదే ఏపీఆర్, అందులో ఉంటుంది. పీనల్ ఛార్జీల వివరమూ ఉండాలి. అందులో లేని ఛార్జీని మీ అంగీకారం లేకుండా తర్వాత వేయడానికి వీల్లేదు. మనకు అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలి కాబట్టి తెలుగులో కావాలని అడగండి.

ఇంకో సంగతి. మా రోజుల్లో "పీనల్ ఇంట్రెస్ట్ 2%" అని రాసేవారు. ఏడాదికి అని సిబ్బందికి తెలుసు, అప్పు తీసుకున్నవాళ్లకు ఎలా తెలుస్తుంది? 2024 ఏప్రిల్ నుంచి కొత్త లోన్లకు ఆ పద్ధతి పోయింది. జరిమానాను వడ్డీ రేటుకు కలపకూడదు, ఛార్జీగా విడిగా వేయాలి. దాన్ని అసలులో కలిపి మళ్లీ వడ్డీ లాగకూడదు. చేసిన ఆలస్యానికి తగ్గట్టుగానే ఉండాలని కూడా ఆర్‌బీఐ చెప్పింది. ఒక్క వాయిదా ఆలస్యమైతే మొత్తం అప్పు మీద 3% వేయడం ఆ మాటకు నిలబడదని నా అభిప్రాయం.

వనస్థలిపురం లక్ష్మి
లోన్ కాదు గానీ చిట్టీల్లోనూ ఇదే తంటా. మా అమ్మ పది లక్షల చిట్టీలో ఉంది, 50 మంది సభ్యులు. ఒక నెల ఎవరో రెండున్నర లక్షలు తగ్గించి పాడుకున్నారు. ఆయన చేతికి ఏడున్నర లక్షలు. కాగితంలో "కమీషన్ 5%" అని మాత్రమే ఉంది. ఆయనకిచ్చే ఏడున్నర లక్షల మీద 5% అంటే 37,500 అని అమ్మ లెక్క. తగ్గించిన రెండున్నర లక్షల్లో అది పోగా మిగిలింది 50 మందికి పంచితే తలా 4,250 డివిడెండ్ రావాలి. వచ్చింది 4,000.

వెళ్లి అడిగితే, కమీషన్ పూర్తి చిట్టీ విలువ మీద అని, అంటే 50,000 అని చెప్పారు. కనుక్కుంటే చట్టం ప్రకారం కూడా అదే సరైన లెక్క. 2019లో చట్టం సవరించాక గరిష్ఠ కమీషన్ 5 నుంచి 7 శాతానికి పెరిగింది కూడా. లెక్కలో వాళ్ల తప్పేమీ లేదు. కానీ "చిట్టీ విలువపై" అని ఒక్క ముక్క రాసి ఉంటే మా అమ్మ ఎండలో దిల్‌సుఖ్‌నగర్ దాకా తిరిగేది కాదు.

నిజాంపేట్ వాసి
2021 జూలైలో మన తెలంగాణలో ఆస్తి రిజిస్ట్రేషన్ ఖర్చులు మొత్తం 6 నుంచి 7.5 శాతానికి పెరిగాయి. "ఒకటిన్నర శాతమే కదా" అన్నారు మాకు ఫ్లాట్ చూపించిన మధ్యవర్తి. 60 లక్షల మీద 3.6 లక్షలు కట్టాల్సిన చోట 4.5 లక్షలయింది. జేబులోంచి పోయే డబ్బు 25% పెరిగింది. రెండు లెక్కలూ కరెక్టే, బడ్జెట్ వేసుకునేటప్పుడు పనికొచ్చేది మాత్రం రెండోది.

గచ్చిబౌలి హర్ష
హోమ్ లోన్ ఏజెంట్ మా ఆవిడతో "లేడీస్ పేరు మీద తీసుకుంటే ఐదు పాయింట్లు తగ్గుతుంది మేడమ్" అన్నాడు. తను చాలా సంతోషపడింది. అవి బేసిస్ పాయింట్లు. వంద కలిస్తే ఒక శాతం. అంటే 8.50 ఉన్న రేటు 8.45 అవుతుంది, 40 లక్షల మీద మొదటి ఏడాది సుమారు 2,000 మిగులుతుంది. ఎంతైనా తగ్గింపే, కాదనను. కానీ రూపాయల్లో చెప్పాలి.

దీనికంటే పెద్ద దెబ్బ ఫ్లాట్ రేటు. లక్ష రూపాయల లోన్, 10% ఫ్లాట్, ఏడాది అంటే నెలకు 9,167 చొప్పున కట్టాలి. ప్రతి నెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి లక్ష మీదే. తగ్గే అసలు మీద లెక్కేస్తే అది దాదాపు 18%. బైక్ షోరూముల్లో ఈ పది అంకె పెద్ద అక్షరాల్లో కనబడుతుంది. అక్కడే ఏపీఆర్ అడగండి, అసలు సంగతి బయటపడుతుంది.

కూకట్‌పల్లి కిరణ్
ఇంత టెన్షన్ ఎందుకండీ? వాయిదా టైమ్‌కి కడితే 3% అయితే ఏంటి, 30% అయితే ఏంటి?

మలక్‌పేట సుజాత
కిరణ్ గారూ, మా ఇంట్లో జీతం ఏడో తారీఖున పడుతుంది, వాయిదా ఐదున కట్ అవుతుంది. తారీఖు మార్చమని అడిగితే కుదరదన్నారు. మాలాంటి వాళ్లకు ఆ లైన్ ముఖ్యమే. ఊళ్లో అప్పిచ్చేవాళ్లు "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి నెలకు రెండు రూపాయలని బడికి వెళ్లని వాళ్లకూ తెలుసు. అంత స్పష్టంగా ఆఫీసు కాగితం ఎందుకు ఉండకూడదు?

మియాపూర్ మధు
అందరికీ థాంక్స్. నల్లకుంట సార్ చెప్పినట్టే మెయిల్ పెట్టి అడిగాను, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ వచ్చింది. "గడువు దాటిన వాయిదా మొత్తంపై నెలకు 3%, రోజుల ప్రాతిపదికన" అని ఉంది. అంటే రోజుకు 12 రూపాయల 60 పైసలు. ఏడాదికి 36% రేటు అది! పక్కనే "జీఎస్‌టీ అదనం" అని ఇంకో ముక్క ఉంది. దాన్ని కూడా కట్టాలా?

పాత లెడ్జర్, నల్లకుంట
అక్కర్లేదు. లోన్ షరతులు తప్పినందుకు బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు) వేసే పీనల్ ఛార్జీల మీద జీఎస్‌టీ లేదని 2025 జనవరిలో సర్క్యులర్ వచ్చింది. పాత ఫారం మార్చకుండా వాడుతున్నట్టున్నారు. ప్రాసెసింగ్ ఫీజు మీద మాత్రం 18% ఉంటుంది. అది కూడా ఫీజు మీదే, లోన్ మీద కాదు. మీ అభ్యంతరం రాతపూర్వకంగానే పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఖర్చేమీ ఉండదు.

మియాపూర్ మధు
జీఎస్‌టీ ముక్క తీసేయమనీ, అగ్రిమెంట్‌లోని ఆ లైన్‌ను "గడువు దాటిన వాయిదా మొత్తంపై నెలకు" అని మార్చి కొత్త కాపీ ఇవ్వమనీ ఇప్పుడే మెయిల్ పంపాను సార్. షోరూమ్ వాళ్లు డెలివరీ కోసం తొందరపెడుతున్నారు. కాపీ వచ్చాకే సంతకమని తమ్ముడికి చెప్పాను.