సమస్యాపూరణం: "చెప్పు కంపు సభలఁ జెలువ మిచ్చు"

పొద్దుగూకి: ఈ వారం సమస్య నాది, ముందు కథ వినండి. చార్మినార్ దగ్గర అత్తరు షాపులో తీపి తోలు వాసన సెంటు ఒకటి చూశా, 30 మి.లీ. సీసా 600, సాయంత్రాలు బయటికెళ్ళేటప్పుడు కొట్టుకుందామని. అట్ట ముక్క మీద కొట్టి చూపిస్తే పొయ్యి పొగలా ఉంది, అబ్బే అనుకుని సరే ఒకసారి మణికట్టు మీద వేయించుకుని ఇరానీ చాయ్ తాగడానికి పోయా, అరగంటలో పొగ సర్దుకుని వెనకనుంచి వెనిలా తీపి మెల్లగా లేచింది, ఇంక వెనక్కెళ్ళి కొనేశా. ఇంటికెళ్ళగానే మా ఆవిడ "కొత్త చెప్పులు కొన్నారా?" అంది. ఆ మాటే ఆటవెలది నాలుగో పాదమైంది:

*చెప్పు కంపు సభలఁ జెలువ మిచ్చు*

చెలువం అంటే అందం. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం, చె-జె. ఈ వింత మాటకి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలూ కానివ్వండి.

బుల్లిపిడుగు: మొదటిసారి రాస్తున్నా, తప్పులుంటే తిట్టకండి.

కారు సీటు వంటి కమ్మని సెంటురా
పూసుకెళ్ళినాను పెండ్లి విందు
మామ పక్కకొచ్చి మాటాడె మెల్లగా
చెప్పు కంపు సభలఁ జెలువ మిచ్చు

గణాల లెక్క: తమ్ముడూ, గణాలన్నీ సరిపోయాయి, మొదటిసారికి అదే గొప్ప. రెండో పాదంలో యతి తప్పింది, పూ-కి పె కుదరదు, ఉ ఊ ఒ ఓ ల్లో ఏదో ఒకటి రావాలి. "పూసుకెళ్ళినాను పొద్దు గూక" అను, యతీ పడుతుంది సాయంత్రమూ వస్తుంది, సమస్య ఇచ్చినాయన పేరు కూడా పడుతుంది ఊరికే. మామ ఎత్తిపొడుపుగా అన్నాడని సరిపెట్టడం నవ్వు తెప్పించింది గానీ సమస్యని విప్పలేదు, మామ నెత్తిన పెట్టేశావు.

బుల్లిపిడుగు: 😀 మార్చేశా గురువుగారూ. మామ నిజంగానే అన్నాడు, ఆరుసార్లు కొట్టుకున్నా మరి.

పొద్దుగూకి: ఆరా! ఈ తీపి తోలు రకాలు రెండుకి మించితే పక్కవాడు భోజనం మానేస్తాడు, అందులోనూ మే నెల ఉక్కలో ఏసీ లేని ఫంక్షన్ హాల్లో.

గణాల లెక్క: నాది క్రమాలంకారం, పాత ఉపాయమే.

కాలి కేది రక్ష? కాల్వలో నేముండు?
కవుల కేడ మెప్పు కలుగుచుండు?
అత్తరేమి సేయు నందఱి కెప్పుడు?
చెప్పు, కంపు, సభలఁ, జెలువ మిచ్చు

పొద్దుగూకి: నాలుగు ప్రశ్నలకీ నాలుగు జవాబులు వరసగా పడ్డాయి, తప్పు పట్టడానికేం లేదు. కానీ గురువుగారూ, ఏ సమస్య ఇచ్చినా మీరు ఈ తాళంచెవే తీస్తారు.

వేపపూత: నేను పాదం విరిచా, చూడండి.

అత్తరనుచుఁ గొంటి నారువందల కేను
తీపి తోలు తావి తేలి వచ్చె
మిత్రులెల్ల నడిగి మెచ్చిరి "పేరేదొ
చెప్పు! కంపు సభలఁ జెలువ మిచ్చు"

బుల్లిపిడుగు: అక్కా సూపర్. ఒక డౌట్, మొదటి పాదంలో అ-కి నా యతి ఎలా?

వేపపూత: కొంటిని + ఆరు, కలిసి కొంటినారు. న పక్కనపెట్టి ఆ చూడాలి, అ-ఆ కుదిరింది.

గణాల లెక్క: ఈ పూరణకి లేచి నిలబడ్డానమ్మా. చెప్పుని కాలినుంచి తీసి నోట్లో పెట్టావు, అంటే క్రియ చేశావని, అపార్థం చేసుకోకు. కంపు కూడా దాని పాత అర్థంలో వాడావు, ఒకప్పుడు కంపంటే వాసన, మంచిదీ కావచ్చు, తర్వాతే చెడ్డవాసనకి దిగజారింది. అర్థాపకర్షకి క్లాసులో చెప్పే ఉదాహరణే ఇది.

మోదుగు: లేటుగా వచ్చా. మా తాత లందలో, అదే తోళ్ళు ఊరేసే చోట, తోళ్ళు పదును చేసినోడు. తంగేడు చెక్క దంచి నీళ్ళలో వేసి తోళ్ళు నానబెట్టేవాళ్ళు, బతుకమ్మకి పువ్వు కోసే చెట్టే అది. లంద దగ్గర ఊరోళ్ళు ముక్కు మూసుకునేది నిజమే, కానీ పదునెక్కి ఆరిన తోలు వాసన వేరు, తాత చేతుల్లో అదే ఉండేది, నాకు చిన్నప్పుడు అది పట్టుకుంటేనే నిద్ర.

తడిసినట్టి తోలు తంగేడు చెక్కతో
తావిఁ దాల్చు ననుచుఁ దాత చెప్పె
కొత్త కిఱ్ఱు జోడు కొన్ననాఁ డా వింత
చెప్పు కంపు సభలఁ జెలువ మిచ్చు

వేపపూత: అన్నా, విరుపూ లేదు మెలికా లేదు, ఉన్నదున్నట్టు చెప్పినా నిజమైపోయింది. నా పూరణ తెలివి, మీది పద్యం.

గణాల లెక్క: ఒప్పుకుంటా. ఒక్క "వింత" మాత్రం గణం నింపడానికి పెట్టినట్టుంది.

మోదుగు: కరెక్టే సార్, ముందు "ఆ కొత్త" అనే రాశా, కొత్త రెండుసార్లు వస్తుందని మార్చా. ఇప్పుడు చూస్తే కొత్తే నయం, రెండుసార్లు వస్తే రానీ.

వేపపూత: తమాషా ఏంటంటే ఆ సీసాల్లో తోలు చుక్క కూడా ఉండదు. బర్చ్ చెట్టు తారు, ఐసోబ్యూటైల్ క్వినోలిన్ అనే రసాయనం లాంటివి కలిపి తోలు అనిపిస్తారు, తీపికి వెనిలా, టోంకా గింజలు. 2007లో టామ్ ఫోర్డ్ కంపెనీది టస్కన్ లెదర్ అనే సెంటు వచ్చింది, కుంకుమపువ్వు, రాస్‌ప్‌బెర్రీ, తోలు, మనం కొనే ధర కాదు, దాన్ని పోలినవే గల్ఫ్ కంపెనీలు చవగ్గా దింపాయి. ఇక జంతువాసన మనకి కొత్తా, తిరుమలలో శుక్రవారం స్వామికి పట్టించేది పునుగు పిల్లి నుంచి వచ్చే తైలమేగా.

మోదుగు: చెట్టు చెక్కతోనే అక్కడా ఇక్కడా. తాత ఉంటే 600 అని చెప్పేవాణ్ణి కాదు, తిట్టేవాడు.

పొద్దుగూకి: ఈ వారం మోదుగు అన్నదే, వేపపూత గారిది వెంట్రుకవాసిలో వెనక. బుల్లిపిడుగు దిద్దిన పద్యం మళ్ళీ మొత్తం పెట్టాలి.

బుల్లిపిడుగు: పెడతా అన్నా, ఇంతకీ ఆ సెంటు పేరేదొ చెప్పు!

పొద్దుగూకి: రెండో సీసా కొన్నాక చెప్తా. షాపులో ఇంకొక్కటే ఉంది.