‘వాక్ స్వాతంత్ర్యం’, ‘భావ ప్రకటనా స్వేచ్ఛ’ ఒకటేనా?

ప్రశ్న (గుంటూరు నుంచి): మాస్టారూ, మా అబ్బాయి సాంఘిక శాస్త్రం చదువుతూ ఈ రెండూ ఒకటేనా అని అడిగాడు. ఏం చెప్పమంటారు?

జవాబు (విజయవాడ నుంచి): ఒకటి కాదని చెప్పమ్మా. రాజ్యాంగం 19(1)(ఎ)లో రెండూ పక్కపక్కనే ఉంటాయి. రాసేవాళ్లు మాత్రం ఒకదాని బదులు ఇంకోటి వాడేస్తున్నారు. అది నాకు నచ్చదు.

1908లో బెజవాడలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు ‘స్వరాజ్య’ పత్రిక నడిపారు. సర్కారును దుయ్యబట్టిన సంపాదకీయానికి రాజద్రోహం మోపి ఆయన్ని జైల్లో పెట్టారు. ఆ తరానికి ఈ స్వేచ్ఛంటే దొరతనం తప్పును పైకి చెప్పగలగడం. నోటి మాట, అచ్చయిన మాట, అంతవరకే.

1921లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా చూపించిందీ ఈ ఊళ్లోనే. జెండా పట్టుకుని వీధిలోకి రావడం ఆ రోజుల్లో ధిక్కారం. 2004లో నవీన్ జిందాల్ కేసులో సుప్రీంకోర్టు, జాతీయ జెండాను గౌరవంగా ఎగరేయడం భావ ప్రకటనే అంది. అక్కడ నోరు విప్పిందే లేదు చూడండి! అంతకన్నా ముందు, 1986లోనే, ఇంకా పెద్ద మలుపు వచ్చింది. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతం వేళ లేచి నిలబడ్డారు గానీ, తమ మత విశ్వాసం వల్ల పాడలేదు. బడి నుంచి తీసేశారు. కోర్టు పిల్లల పక్షాన తీర్పిచ్చింది. ఊరుకోవడానికి కూడా ఈ స్వేచ్ఛ వర్తించిందన్న మాట. ఆ తీర్పంటే నాకు చాలా గౌరవం.

ప్రశ్న: మరి ఇప్పుడు ఎవర్ని ఎంత తిట్టినా ‘నా స్వేచ్ఛ’ అంటున్నారు కదండీ?

జవాబు: ఈ స్వేచ్ఛకు హద్దులు చెప్పే 19(2) చదవకుండా అనే మాట అది. పరువు నష్టం, నేరానికి పురికొల్పడం ఈ స్వేచ్ఛ కిందికి రావు. 1951లో మొదటి సవరణతో ఆంక్షలు పెరిగాయి, నిజమే. కానీ ఆంక్ష ‘సహేతుకం’గా ఉండాలన్న షరతు చేరిందీ అప్పుడే. కోర్టుల్లో వాదనంతా ఆ విశేషణం చుట్టూనే. 2015లో, ఇంటర్నెట్‌లో పెట్టే రాతలకు శిక్ష వేసే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను కొట్టేస్తూ, ‘చిరాకు’, ‘అసౌకర్యం’ లాంటి మాటలకు హద్దే లేదంది సుప్రీంకోర్టు. చర్చ వేరు, ఒక వాదాన్ని సమర్థించడం వేరు, రెచ్చగొట్టడం వేరని విడదీసింది. ఆ మూడోదానికి చేరితేనే ఆంక్ష.

మీ అబ్బాయికి కేరళ పిల్లల సంగతి చెప్పి, అది ‘వాక్కు’ కిందికి వస్తుందా, ‘ప్రకటన’ కిందికి వస్తుందా అని అడగండమ్మా. వాడేమన్నాడో ఇక్కడ రాయండి.