పెంచల అనే పేరు: ఎక్కడిది, పాపకు ఎట్లా పెట్టాలి?

ప్రశ్న – నెల్లూరు
పాపకు వాళ్ల నాయనమ్మ పేరు కలిసేటట్టు ‘పెంచల’ అని పెట్టాలనుకుంటున్నాం. పెంచడం నుంచి వచ్చిన మాటేనా? స్వామి పేరు గదా, ఆడపిల్లకు ఒప్పుతుందా?

రాపూరు
పెంచడానికీ దీనికీ సంబంధం లేదండీ. రాపూరు దగ్గర వెలిగొండల్లో వెలసిన పెంచలకోన దేవుడు పెనుశిల లక్ష్మీనరసింహస్వామి. పెను అంటే పెద్ద. పెనుగాలి, పెనుభారంలో ఉన్నదే. పలకడంలో ‘ను’ సున్న అయింది, దాని పక్కన శకారం చకారమైంది. హంస ‘అంచ’ అయిన దారి కూడా ఇదే. స్థలపురాణం ఇంకో మాట చెబుతుంది: ఉగ్రనరసింహుడు చెంచులక్ష్మిని చూసి శాంతించి, ఆమెను పెనవేసుకుని శిలగా వెలిశాడని. భక్తికి ఆ కథ ఎంతో అందం, మాట పుట్టుకకు మాత్రం పెనుశిలే సరిపోతుంది.

కందుకూరు
ఆడపిల్లకు నిక్షేపంగా పెట్టొచ్చు. ఇలవేల్పు పేరుకు అయ్య చేరిస్తే మగపిల్లాడికి, అమ్మ చేరిస్తే ఆడపిల్లకు. పెంచలయ్య, పెంచలమ్మ, మా వైపు మాలకొండయ్య, మాలకొండమ్మ. చెంచమ్మ, చెంగమ్మ వేరే పేర్లు. మొదటిది చెంచులక్ష్మిది, రెండోది సూళ్లూరుపేట చెంగాళమ్మది. రాసేవాళ్లు వీటిని కలిపేసి ‘చెంచలమ్మ’ అని ఎక్కిస్తుంటారు, చూసుకోండి.

ప్రశ్న – నెల్లూరు
పెంచలలక్ష్మి అంటే ఇంకా బాగుంటుందేమో?

గూడూరు
బాగుంటుంది గానీ రెండు ‘ల’లు పక్కపక్కన పడితే ఒకటి మింగేస్తారు, కాగితం మీద ‘పెంచలక్ష్మి’ అయిపోతుంది. పెంచల, లక్ష్మి అని మధ్యలో ఖాళీ వదిలి రాయించండి. ‘పెంచెల’ అని కూడా రాస్తారు కాబట్టి ఏదో ఒకటి ముందే ఖాయం చేసుకోండి. జననం 21 రోజుల్లో నమోదు చేయించాలి, పేరు అప్పుడే చెప్పక్కర్లేదు. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే ఆలస్య రుసుము ఉండదు. ఆ తర్వాత 15 ఏళ్లదాకా రుసుము కట్టి చేర్పించుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాలు మీరే కాగితం మీద రాసి ఇవ్వండి, నోటితో చెప్పొద్దు. సర్టిఫికెట్ చేతికొచ్చాక అక్కడే ఒక్కో అక్షరం సరిచూసుకుని, దాన్ని బట్టే ఆధార్, బడి రిజిస్టరు రాయించండి.